పరదేశపు వంటగట్టు: గోదావరిఖని బిడ్డలకు కొన్ని సూచనలు

సింగరేణి క్వార్టర్లలో పుట్టి పెరిగి, చదువునకో యుద్యోగమునకో పరదేశమేగి, క్రొత్తగా నద్దె యింట కాపురము పెట్టుచున్న గోదావరిఖని, రామగుండము ప్రాంతముల సోదరీసోదరులకు మొట్టమొదట చెప్పవలసిన మాట యొకటి కలదు: అచ్చటి వంటగట్టును దాని జాతి యెరిగిన పిమ్మటనే కడుగబూనవలెను. ఓపెన్‌కాస్టు గనుల దుమ్ము పూటపూటకు వచ్చి పడు మన యిండ్లలో, కడప బండయో షాబాదు బండయో పరచిన గట్టుపై చెంబులతో నీళ్లు గుమ్మరించి, పీచుతో గట్టిగా తోమి, మరల నీళ్లు పోసి కడుగుట మన తల్లుల నిత్యకృత్యము. ఆ రాయి నీటికిని పీచునకును తాళుకొనునది గనుక ఆ పద్ధతి దానికి తగియున్నది. అన్ని గట్లకును తగినది కాదు.

ఇల్లు చేతికి వచ్చిన నాడే గట్టు దేనితో చేసినదో యజమాని నడిగి, అంతకు ముందే యున్న గీతలను, మచ్చలను ఫోటోలు తీసి యాతనికి పంపుడు. ఇల్లు విడుచునాడు డిపాజిట్టు సొమ్ము విషయమున తగవు వచ్చినచో నదియే మీకు సాక్ష్యము. అమెరికా, ఐరోపా దేశముల వంటగదులలో నేలపై నీరు పోవు తూము సాధారణముగా నుండదు. గట్టుపై పోసిన నీరు సింకు అంచులనుండి క్రింది చెక్క అరలలోనికి దిగి వానిని నానబెట్టి యుబ్బించును. కావున గట్టును కడుగుట కాక తుడుచుటయే అచ్చటి పద్ధతి: గోరువెచ్చని నీటిలో గిన్నెలు తోము ద్రవపు సబ్బు రెండు చుక్కలు, మెత్తని తడిగుడ్డ, ఆ పైన పొడిగుడ్డ.

గ్రానైటు మీకు పరాయిది కాదు. పాత కరీంనగరు జిల్లా క్వారీల టాన్ బ్రౌన్ శిలయు, ప్రకాశము జిల్లా చీమకుర్తి క్వారీల బ్లాక్ గెలాక్సీ శిలయు పలకలై సముద్రములు దాటి యనేక దేశముల వంటగదులకు చేరినవి. 2016లో పెద్దపల్లి జిల్లా యేర్పడువరకు రామగుండము కూడ ఆ కరీంనగరు జిల్లాలోనిదే గావున, మీరు వంట చేయు గట్టు మీ యూరి చుట్టుపట్ల పుట్టినదే కావచ్చును. ఈ శిల వేడికిని గీతలకును అంతగా జంకదు గాని, దీనికి సూక్ష్మరంధ్రములు గలవు. వానిని మూయుటకై పైన సీలరు పూయుదురు. నాలుగు నీటిచుక్కలు వేసి పావుగంట చూడుడు: చుక్కలు గుండ్రముగా నిలిచినచో సీలరు సరిగానున్నది, రాయి నీటిని పీల్చి రంగు ముదిరినచో మరల పూయవలసిన కాలము వచ్చినది. అంతవరకు ఆవకాయ నూనెను గాని పోపు నూనెను గాని దానిపై నిలువనీయరాదు.

పాలరాయి ప్రధానముగా కాల్షియము కార్బొనేటు. ఆమ్లము సోకినంతనే కరగును. నిమ్మరసము, చింతపండు పులుసు, పెరుగు పడినచోట మెరుపు చచ్చిన మచ్చ మిగులును; రాత్రి పులిసి పొంగి గిన్నెనుండి కారిన ఇడ్లీపిండియు తెల్లవారునప్పటికి అంతపని చేయును. అది పైన నంటిన మరక కాదు, రాయియే తినివేయబడుట. కాబట్టి ఎంత తుడిచినను పోదు, మరల పాలిషు పట్టింపవలసినదే. కడప, తాండూరు బండలును సున్నపురాతి జాతివే గనుక, ఇంట నిమ్మకాయ పిండినచోట తేలిన తెల్లమచ్చను చూచినవారు ఈ సంగతిని సులభముగా గ్రహింతురు. పిండిగిన్నె క్రింద లోతైన పళ్లెమొకటి పెట్టుడు.

క్వార్ట్జు పేర నమ్ముచున్న కృత్రిమశిలలో అధికభాగము రాతిపొడియే. మిగిలినది దానిని బంధించు రెజిను జిగురు. ఇది నీటిని పీల్చదు, సీలరు కోరదు. కాని జిగురు వేడికి తాళదు గనుక, పొయ్యిమీదినుండి దింపిన కుక్కరును, రొట్టెల పెంకను నేరుగా పెట్టినచో మాయని కమురుమచ్చ పడవచ్చును, గట్టు పగులనువచ్చును. ఈ రాతిని పొడిగా కోసినప్పుడు లేచు సిలికా ధూళి ఊపిరితిత్తులను చెరచి ప్రాణాంతకమగు సిలికోసిస్ వ్యాధిని కలిగించును. కోతపనివారనేకులు దానికి గురియైనందున ఆస్ట్రేలియా 2024 జూలై 1 నుండి ఈ శిలను నిషేధించినది. బిగించియున్న గట్టుపై వంట చేయువారికి భయము లేదు, కాని దానికి రంధ్రము వేయుటయు అంచు అరగదీయుటయు మీరు చేయరాదు. బాయిలో బొగ్గుధూళి పీల్చి దగ్గుతో కృశించిన పెద్దలను ఎరిగిన మనవారు, జీవనార్థము రాతికోత పనిలో చేరవలసివచ్చినచో, నీటిధారతో కోయు యంత్రమును, ముఖమునకు సరిపడిన రెస్పిరేటరును లేక ఆ పనికొప్పుకొనరాదని చేతులు జోడించి వేడుచున్నాను.

చవుక యద్దె యిండ్లలో తరచుగా నుండునది లామినేటు: చెక్కపొట్టు పలకపై నంటించిన పలుచని పొర. అతుకులలో నీరు దిగినచో అది యుబ్బి మరల చదును కాదు. కొయ్యగట్టును తడి యారనిచ్చి, అప్పుడప్పుడు ఆహారమునకు హానిచేయని మినరలు నూనెను పట్టింపవలెను. వంటనూనె కాలక్రమమున కంపు కొట్టును. గల్ఫు దేశముల ఉమ్మడి వంటశాలలలో స్టీలు గట్టున్నచో బ్లీచింగు నీటిని దానిపై నిలువనీయరాదు. క్లోరిను స్టీలును గుంటలు పడునట్లు తినును.

ఇక అన్నిటికిని సామాన్యమైన చిక్కు పసుపు మరక. పడినవెంటనే పొడికాగితముతో అద్ది, సబ్బునీటితో తుడిచినచో చాలవరకు పోవును. సున్నము కలిసిన పసుపు పారాణి యగునట్లే, సోడా వంటి క్షారము తగిలినచో మరక ఎర్రబడును. దానికి బెదరి గట్టిగా రుద్దవలదు. పసుపు రంగు ఎండకు వెలయును గనుక, కిటికీ వెలుగు పడుచోట మిగిలిన చాయ కొన్నాళ్లకు తానే తగ్గును. ఏ క్రొత్త ద్రవమునైనను మూలలో కనబడనిచోట పరీక్షించి వాడుడు. బ్లీచింగు ద్రవమును వెనిగారుతో గాని అమ్మోనియా గల క్లీనరుతో గాని ఎన్నడును కలుపరాదు. అందుండి విషవాయువు వెడలును. బాయిలో వాయువు వలని ప్రమాదములను విని పెరిగిన మీరు ఈ హెచ్చరికను తేలికగా తీసికొనరు.

వంట ముగిసిన రాత్రి తడిగుడ్డతో నొకమారు, పొడిగుడ్డతో నొకమారు తుడుచుటకు పట్టు కాలము స్వల్పము. మన పోపు వాసనకును పసుపు మరకలకును వెరచి అద్దెకిచ్చుటకు సంకోచించు యజమానులు కొందరుందురు. చెక్కుచెదరని గట్టును మీరప్పగించిన యింటిలో మీ తరువాత వచ్చు తెలుగు కుటుంబమునకు ఆ సంకోచము ఎదురుకాదు.