కిల్ట్ కట్టే వేళ, ప్యాంటు తొడిగే వేళ

గ్లాస్గోకు చదువుకోవడానికి వచ్చిన మన పిల్లలు ఈమధ్య నన్ను తరచు ఒక మాట అడుగుతున్నారు. "తాతగారూ, స్నేహితుడి పెళ్లికి కిల్ట్ వేసుకు రమ్మంటున్నారు. మనం వేసుకోవచ్చా? ప్యాంటుతో వెళితే సరిపోదా?" కిల్ట్ అంటే స్కాట్లండు మగవాళ్లు నడుముకు కట్టే గళ్ల బట్ట. 1973లో నేను డాక్టరుగా ఈ ఊళ్లో దిగినప్పుడు ఈ ప్రశ్న అడగడానికి నాకు పెద్దవాళ్లెవరూ దొరకలేదు. దొరికి ఉంటే కొన్ని తప్పులు చేసేవాణ్ని కాదు. ఆ తప్పుల వరసలోనే నాకు తెలిసింది చెబుతాను.

1. పిలిచి ఇచ్చిన బట్టను కాదనకూడదు.

1975 వేసవిలో నాతో పనిచేసే ఒక డాక్టరు పెళ్లికి వెళ్లాను. మగవాళ్లు హైలాండ్ దుస్తుల్లో, అంటే కిల్టుల్లో, వస్తే సంతోషమని శుభలేఖలో రాశారు. అయినా నేను బూడిదరంగు సూటులోనే వెళ్లాను. వాళ్ల బట్ట నా ఒంటి మీద వేషంలా ఉంటుందేమోనని భయం. ఆ భయాన్ని వినయం అనుకున్నాను. చర్చి మెట్ల దగ్గర పెళ్లికొడుకు తల్లి నన్ను పక్కకు పిలిచి, నా కొలతలు కొడుకునడిగి తెలుసుకుని అద్దె దుకాణం నుంచి నా కోసం కిల్ట్ తెప్పించి ఉంచానని చెప్పింది. ఆవిడ గొంతులో కోపం లేదు. అందుకే ఇంకా కష్టంగా తోచింది. ఆ కిల్ట్ ఆ రోజంతా పెట్టెలోనే ఉండిపోయింది. ఇంటికొచ్చిన చుట్టానికి బొట్టు పెట్టి ఇచ్చిన బట్టలు ఆయన పళ్లెంలోనే వదిలేసి వెళ్లిపోతే మన ఆడవాళ్లు ఎంత చిన్నబుచ్చుకుంటారో నాకు తెలియదా? తెలుసు. అది ఇక్కడికీ వర్తిస్తుందని మాత్రం తోచలేదు.

మనకు అర్హత ఉందా అని సందేహించకండి. కిల్ట్ కట్టడానికి ఇక్కడే పుట్టి ఉండాలన్న చట్టం లేదు. కిల్ట్ మీది గళ్లను టార్టన్ అంటారు. వాటిలో కొన్ని ఫలానా వంశానివని పేరుపడ్డాయి. ఆ వంశంతో సంబంధం లేనివాళ్లు వాటి జోలికి పోకపోవడం మర్యాదే కానీ శాసనం కాదు. ముదురు నీలం, ఆకుపచ్చ కలిసిన బ్లాక్ వాచ్ గళ్లు ఎవరు కట్టినా ఎవరూ ఏమీ అనుకోరు. నేనిన్నేళ్లూ కట్టింది అదే. 2009 నుంచి టార్టన్లకు ప్రభుత్వ నమోదు పుస్తకం కూడా ఉంది. రుసుము కట్టి ఎవరైనా కొత్త గళ్లను అందులో రాయించుకోవచ్చు.

2. ఎదుటివాళ్లు ఏ స్థితిలో ఉన్నారో తెలియనప్పుడు ప్యాంటే మేలు.

మొదటి పాఠం వంటబట్టాక నాకు ఉత్సాహం ఎక్కువైంది. సొంతంగా కిల్ట్ కుట్టించుకున్నాను. ఒక ఏడు నవంబరు 30న, సెయింట్ ఆండ్రూ పండుగనాడు, ఆసుపత్రిలో మధ్యాహ్నం చిన్న విందు ఉందని అదే కట్టుకుని డ్యూటీకి వెళ్లాను. అందరూ మెచ్చుకున్నారు. మూడు గంటలకు వార్డు నుంచి కబురొచ్చింది. ఒకావిడ భర్త పరీక్షల ఫలితాలు వచ్చాయి, ఆవిడతో మాట్లాడాలి. ఆ ఫలితాలేమిటో నాకు ముందే తెలుసు. బట్టలు మార్చుకుని వెళ్లడానికి పది నిమిషాలు చాలు, నా బీరువాలో ప్యాంటు ఉంది. ఆలస్యమెందుకని అలాగే వెళ్లాను. వరండాలో నడుస్తుంటే నడుముకు కట్టిన తోలుసంచీ, అదే స్పోరన్, దాని గొలుసు చప్పుడు చేస్తూనే ఉంది. నేను చెప్పాల్సింది చెబుతుంటే ఆవిడ నా ముఖం చూడలేదు, స్పోరన్ మీది వెండి బిళ్ల వైపే చూస్తూ కూర్చుంది. ఏమీ అనలేదు. ఆవిడ జీవితంలో అతి చెడ్డ రోజున నేను పండుగ బట్టలో ఎదురయ్యాను. ఇప్పటికీ నవంబరు చివరి వారం వస్తే ఆ గొలుసు చప్పుడు నాకు వినిపిస్తుంది.

ఇక ఒంగి లేచే పని, నిచ్చెన ఎక్కే పని, సైకిలు ప్రయాణం, వీటన్నిటికీ ప్యాంటే. ఇంతకు మించి చెప్పనక్కర్లేదు.

3. చావింటికి వెళ్లేముందు ఆ ఇంటివాళ్లను అడగాలి.

పై పాఠాన్ని నేను అతిగా నేర్చుకున్నాను. కిల్ట్ అంటే సంబరమే అనుకుని, ఒక పాత మిత్రుడి అంత్యక్రియలకు నల్ల ప్యాంటుతో వెళ్లాను. శవపేటిక మోసిన ఆరుగురూ కిల్టుల్లోనే ఉన్నారు. ముదురు రంగు కోటు, మెరుపులేని స్పోరన్, నల్ల టై, అంతే తేడా. అతని కోరిక అదేనట. ఒక్క ఫోను చేస్తే తెలిసేది. కొన్ని ఇళ్లలో వద్దంటారు, కొన్ని ఇళ్లలో రమ్మంటారు.

4. కట్టుకుంటే సరిగ్గా కట్టుకోవాలి.

కిల్ట్ ముందు చదునుగా, వెనక కుచ్చిళ్లుగా ఉండే ఉన్నిబట్ట. మన పంచెకు కుచ్చిళ్లు ముందు, దానికి వెనక. పద్ధతిగా కుట్టిన దానికి ఎనిమిది గజాల బట్ట పడుతుంది. బరువు రెండు కిలోల దాకా తూగుతుంది. ప్యాంటు నిలిచేచోట కాకుండా ఇంకా పైన, బొడ్డు దగ్గర బిగించాలి. అంచు మోకాలిచిప్ప మధ్యకు రావాలి. మొదటిసారి నేను తుంటి మీద కడితే అది పిక్కల మీదికి జారింది. ముందు అంచున పెట్టే పెద్ద పిన్నును పైపొరకే గుచ్చాలి. నేను రెండు పొరలకూ కలిపి గుచ్చాను. మెట్లెక్కుతుంటే బట్ట చిరిగింది. అది ఇంకొకరి దగ్గర ఎరువు తెచ్చిన కిల్ట్, వాళ్ల నాన్నది. ఎంత నేర్పుగా రఫ్ఫు చేయించినా ఆ చోటు తెలుస్తూనే ఉండేది.

కూర్చునేముందు కుచ్చిళ్లను అరచేత్తో కిందికి నిమిరి కూర్చోండి, లేదంటే నలిగిపోతాయి. కేలీ అనే ఇక్కడి గుంపు నాట్యానికి దిగేముందు స్పోరన్‌ను పక్కకు తిప్పుకోండి. లోపల ఏం వేసుకోవాలని సిగ్గుపడుతూ అడిగే పిల్లలకు నా జవాబు ఒకటే. అది అద్దెబట్ట, రేపు ఇంకొకరు కడతారు, లోదుస్తులు వేసుకోండి. మేజోడులో దోపుకునే చిన్న కత్తికి ఈ దుస్తుల్లో భాగంగా చట్టం మినహాయింపు ఇచ్చింది కానీ విమానంలో చేతిసంచీలో అది ఉండకూడదు.

చలికి భయపడకండి, ఉన్ని కాపాడుతుంది. భయపడాల్సింది గాలికి, మిడ్జ్ అనే నలుసంత ఈగలకు. వేసవి సాయంత్రాల్లో పడమటి కొండల కింద, సరస్సుల ఒడ్డున, గాలి ఆడకపోతే అవి మబ్బులా లేస్తాయి. గాలి ఉంటే బట్ట నిలవదు, లేకపోతే అవి మనల్ని నిలవనివ్వవు. అలాంటి చోటికి వెళ్లేటప్పుడు అదే టార్టన్ బట్టతో కుట్టిన ప్యాంటు ఉంది, ట్రూస్ అంటారు. దాన్ని తక్కువగా చూడకండి.

5. శిక్షలు చూసిన బట్ట అని తెలిసి కట్టాలి.

ఇక్కడికొచ్చిన తొలి ఏళ్లలో మన తెలుగువాళ్ల కూడికల్లో నేను కిల్ట్‌ను గౌను అనేవాణ్ని. అందరూ నవ్వేవారు. దాని చరిత్ర చదివాక ఆ నవ్వు నన్ను చాలాకాలం బాధపెట్టింది.

1745లో స్టూవర్ట్ వంశపు రాకుమారుడి పక్షాన హైలాండ్, అంటే కొండసీమ, వంశాలు కొన్ని రాజు మీద తిరగబడ్డాయి. మరుసటి ఏప్రిల్‌లో కలోడెన్ దగ్గర ఓడిపోయాయి. ఆ 1746లోనే చట్టం వచ్చింది. సైన్యంలో ఉన్నవాళ్లు తప్ప స్కాట్లండులో ఏ మగవాడూ, ఏ మగపిల్లవాడూ హైలాండ్ దుస్తులు కట్టకూడదు. మొదటిసారి దొరికితే ఆరు నెలల జైలు. రెండోసారి దొరికితే ఏడేళ్లపాటు సముద్రం అవతలి తోటలకు పంపేస్తారు. 1782లో గానీ ఆ చట్టాన్ని ఎత్తివేయలేదు. 1822లో నాలుగో జార్జి ఎడింబరో వచ్చినప్పుడు వాల్టర్ స్కాట్ పెత్తనం మీద ఊరంతా టార్టన్ కట్టింది, రాజు కూడా కిల్ట్ కట్టాడు. రోజువారీ బట్టగా అటకెక్కినది పండుగ బట్టగా దిగింది.

మన గ్రామాల కైఫీయతులు, అంటే ఊరి చరిత్రలు, రాయించిన కర్నల్ కాలిన్ మెకంజీ పుట్టింది ఈ దేశానికి వాయవ్యాన ఉన్న లూయిస్ ద్వీపంలో, స్టోర్నొవే ఊళ్లో, 1754లో. ఇండియాకు వచ్చింది 1783లో. లెక్క వేసుకోండి. తాతల బట్ట కట్టడం నేరమైన కాలంలోనే ఆయన పుట్టి పెరిగాడు. ఆయనకు కుడిభుజంగా నిలిచిన కావలి సోదరులు మా ఏలూరువాళ్లు. మన ఊళ్ల జ్ఞాపకాలు చెరిగిపోకుండా అంత శ్రమపడి రాయించిన మనిషి అలాంటి చోటు నుంచి వచ్చాడని తెలిశాక, నేను మళ్లీ గౌను అన్న మాట అనలేదు.

6. మనవాళ్ల బట్ట మనమే విప్పించకూడదు.

ఇది రాయడానికే మిగతావన్నీ రాశానేమో.

1984 మే నెలలో మా నాన్నగారు వచ్చారు, ఆరు వారాలు ఉండటానికి. విమానాశ్రయంలో తెల్లటి పంచె, లాల్చీ, కండువాతో నడిచి వచ్చారు. మా వైపు సన్నని మల్లు పంచెను గ్లాస్గో పంచె అనేవారు. ఒకప్పుడు ఈ ఊరి నూలుబట్ట ఓడలెక్కి మన రేవుల్లో దిగేది. ఆ బట్ట రావడం ఆగిపోయినా పేరు మా ఊళ్లో నిలిచిపోయింది. "మీ ఊరి పేరున్నదే కట్టుకొచ్చానురా" అన్నారు ఆయన సంతోషంగా. నా కళ్లు మాత్రం చుట్టూ ఎవరు చూస్తున్నారా అని వెతికాయి. మర్నాడే దుకాణానికి తీసుకెళ్లి రెండు ప్యాంట్లు కొన్నాను. చలి నాన్నా అన్నాను. అరవై ఎనిమిదేళ్ల మనిషి, పుట్టి ప్యాంటు తొడగలేదు. జారిపోతుందేమోనని ఎడమచేత్తో నడుం దగ్గర పట్టుకునే లేచేవారు, నడిచేవారు.

జూన్‌లో లోమండ్ సరస్సు ఒడ్డున ఒక పెళ్లికి ఆయన్ని వెంటపెట్టుకెళ్లాను. నేను కిల్ట్ కట్టాను. ఆయనకు ప్యాంటు. బల్ల దగ్గర ఆయన పక్కన కూర్చున్న ముసలి రైతు, ఆయనా కిల్ట్‌లోనే ఉన్నాడు, మీ దేశంలో మీరు పెళ్లిళ్లకు ఏం కడతారని అడిగాడు. నాన్నగారు చేతులతో కుచ్చిళ్లు పెడుతున్నట్టు చూపిస్తూ వివరంగా చెప్పారు. నేను ఇంగ్లీషులో చెప్పాను. "మరి ఈ రోజు అది కట్టుకోలేదేం?" అని అడిగాడు ఆ రైతు. ఆ ప్రశ్నను నేను తెలుగులోకి మార్చలేదు. మీ పొలాల గురించి అడుగుతున్నారు నాన్నా అన్నాను.

ఇంటికి వచ్చే దారిలో కారులో ఆయనే అడిగారు. "ఏరా అబ్బాయ్, వాళ్లదీ మన పంచె లాంటిదే కదా. వాళ్లు కట్టుకున్నారు, నువ్వూ కట్టుకున్నావు. మరి నాకెందుకురా ఇది?"

నేను రోడ్డు వైపే చూస్తూ నడిపాను. మర్నాటి నుంచి ఆయన్ని ఏం కట్టుకోవాలో చెప్పడం మానేశాను కానీ, ఆయన ప్యాంటే తొడుక్కున్నారు. నా పరువు ఆయన మోశారు. వెళ్లేరోజున మడత నలగని ఆ పంచెను పెట్టెలో అడుగున పెట్టుకున్నారు. రెండేళ్లకు పోయారు.

7. కట్టడం తెలిసినవాళ్లు ఉండగానే నేర్చుకోవాలి.

2011లో మా అమ్మాయి పెళ్లి ఈ ఊళ్లోనే అయింది. పెళ్లికొడుకు వాళ్లది ఇక్కడి కుటుంబం. చర్చిలో వాళ్ల పద్ధతి, మర్నాడు హాలులో మన పద్ధతి. మన పెళ్లినాడు పొద్దున్నే మా వియ్యంకుడు ఒక జరీపంచె చేత్తో పట్టుకుని నా గదికి వచ్చాడు. ముందు రోజు నా కిల్ట్ వెనక కుచ్చిళ్లు సర్దింది ఆయనే. ఇప్పుడు తన కుచ్చిళ్లు నేను పెట్టాలి. ఆ చివర ఈ చివర పట్టుకుని నేను రెండుసార్లు ప్రయత్నించాను. నిలవలేదు. నా పెళ్లిలో నాకు ఎవరో కట్టారు, ఆ తర్వాత నేను కట్టిందే లేదు.

చివరికి పురోహితుడుగారు వచ్చి మా ఇద్దరికీ కట్టారు. నా కుచ్చిళ్లు లెక్కపెట్టి దోపుతూ, "మీ నాన్నగారు నేర్పలేదాండీ?" అని మామూలుగానే అడిగారు.

ఆరు వారాలు ఆయన మా ఇంట్లోనే ఉన్నారని నేను చెప్పలేకపోయాను.