చూసుకుని నడవలేవూ?

సంచికకి ఏదైనా పనికొచ్చే వ్యాసం ఇమ్మని మన యూనియన్ కార్యదర్శి అడిగితే, నాకు మా తమ్ముడి గడ్డం కింద కుట్ల మచ్చ గుర్తొచ్చింది. నాలుగో తరగతిలో పిట్టగోడ మీంచి పడ్డాడు. ఆరులో సైకిలు మీంచి పడ్డాడు. ఎనిమిదిలో చెయ్యి విరిగింది. పడ్డప్పుడల్లా వాడికి రెండు దెబ్బలు: ఒకటి నేల కొట్టేది, రెండోది ఇంట్లో తగిలేది. "చూసుకుని నడవలేవూ?" అని కసిరినవాళ్లలో నేనూ వున్నాను. వాడు తల దించుకుని నిలబడేవాడు. అది నిజంగా జవాబున్న ప్రశ్న అని ఎం.ఏ. సైకాలజీలో చేరాకగాని నాకు తెలియలేదు.

పాఠ్యపుస్తకాలు దీన్ని అవధాన లోపం, అతిచలనం అంటాయి. డాక్టర్లు ఏ.డి.హెచ్.డి. అంటారు. ప్రపంచం మొత్తం మీద పిల్లల్లో నూటికి సుమారు ఐదుగురికి వుంటుందని అంచనా. అవధానం అనగానే మనకి అష్టావధానం గుర్తొస్తుంది గదా! నిజానికి ఈ పిల్లలకి అవధానం లేక కాదు, దాని పగ్గం చేతిలో లేక ఇబ్బంది. మావాడు క్రికెట్టు ముందు మూడు గంటలు కదలకుండా కూర్చునేవాడు. లేచి వెళ్తూ గుమ్మానికి తల కొట్టుకునేవాడు.

పేరు కొత్తదేగాని సంగతి పాతదే. 1902లో లండన్‌లో జార్జ్ స్టిల్ అనే పిల్లల వైద్యుడు తన ఉపన్యాసాల్లో ఇలాంటి పిల్లల్ని వర్ణించాడు. అంతకంటే ముందు, 1840ల్లో, ఫ్రాంక్‌ఫర్ట్ డాక్టరు హైన్రిష్ హాఫ్‌మన్ రాసిన పిల్లల బొమ్మల పుస్తకంలో కుర్చీ ఊపుతూ బల్లగుడ్డతో సహా కిందపడే ఫిలిప్పూ, ఆకాశంకేసి చూస్తూ నడిచి నీళ్లలో పడే హాన్సూ వున్నారు. ఆయన దానికి ఏ రోగం పేరూ పెట్టలేదు. కానీ ఇద్దరూ పడతారు, గమనించండి.

నన్ను బాగా కదిలించింది 2011లో వచ్చిన ఒక అమెరికన్ పరిశోధన. 7 నుంచి 10 ఏళ్ల పిల్లలు 78 మందిని, అందులో సగం ఈ సమస్య వున్నవాళ్లని, కంప్యూటరు తెరల మీద కదిలే వీధి ముందు నిలబెట్టి రోడ్డు దాటమన్నారు. రోడ్డు అంచున వీళ్లూ మిగతా పిల్లల్లాగే అటూ ఇటూ చూశారు. కానీ దాటడానికి ఎంచుకున్న సందర్భాలు మాత్రం ఎక్కువ ప్రమాదకరమైనవి. అంటే చూడకపోవడం కాదు లోపం. చూసినదాన్ని లెక్కగట్టి, ఒక్క క్షణం కాలు ఆపుకోవడం దగ్గరే వుంది చిక్కంతా. అది చదివిన రాత్రి మా ఇంటి తిట్టు మొత్తం అర్థం లేనిదని నాకు తెలిసింది. వాడు చూస్తూనే వున్నాడు!

ఇది గీరుడు గాయాలతో పోయే సంగతి కాదు. డెన్మార్క్‌లో సుమారు 19 లక్షల మంది వివరాలు పరిశీలించి 2015లో ప్రచురించిన అధ్యయనంలో, ఈ రుగ్మత వున్నవారిలో మరణాల రేటు లేనివారికి దాదాపు రెట్టింపు అని తేలింది. అందులో ప్రధాన కారణం ప్రమాదాలే. అదే దేశం నుంచి అదే ఏడాది వచ్చిన మరో అధ్యయనంలో, మందు వాడిన పిల్లలకి 10, 12 ఏళ్ల వయసు వచ్చేసరికి గాయాలు తగ్గాయి.

అలాగని అల్లరి చేసే ప్రతి పిల్లవాడికీ ఈ పేరు తగిలించకండి. 12 ఏళ్లలోపే మొదలై, ఇంట్లోనూ బడిలోనూ కనీసం ఆరు నెలలు కనిపించాలి. తేల్చాల్సింది డాక్టరు, పక్కింటి పిన్నిగారు కాదు.

అసలు భయం యౌవనంలో. మన చట్టం 16 ఏళ్లకి ఇచ్చేది గేరులేని చిన్న బండి లైసెన్సే. మన తండ్రులు ఇంటర్లో సీటు రాగానే పెద్ద మోటారుసైకిలే కొనిస్తున్నారు. "జాగ్రత్త" అన్న మాట ఇలాంటి కుర్రాడి చెవిలో నిలవదు. "ఆ బస్సు వెళ్లాక దాటు" అంటే నిలుస్తుంది. మా అమ్మ బండి తాళాన్ని హెల్మెట్‌కే కట్టేసింది.

ఈ వ్యాసం మా తమ్ముడికి చదివి వినిపించాను. అంతా విని, "బాగానే వుంది గాని అక్కా, ఆరో తరగతిలో సైకిలు మీంచి పడింది మాత్రం బ్రేకు తెగి. అప్పుడెవరూ అడగలేదు" అన్నాడు.