రేసు మానిన గుర్రం పోయినప్పుడు

మలక్‌పేట రేసుకోర్సులో పరుగెత్తి, ముంగాలు దెబ్బతిని, ఆ తర్వాత మొయినాబాద్ దాటాక ఉన్న మా తోటలో ముసలితనం దాకా బతికినవాడు మా బాదల్. ఈ వేసవిలో పోయాడు. వయసు 26. నేను పశువైద్యుణ్ణి, ఉద్యోగమంతా ఎక్కువగా గుర్రాల మధ్యే గడిచింది. వాడు పోయాక చుట్టుపక్కల గుర్రాలు పెంచుతున్న కుర్రవాళ్ళు పలకరించడానికి వచ్చారు. వెళ్ళేముందు, “సార్, మా గుర్రాలూ ముసలివవుతున్నాయి, ఆ రోజు వస్తే మేమేం చెయ్యాలి?” అని అడిగారు. వాళ్ళ కోసం ఇవి రాస్తున్నాను.

1. ఏడవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు

ఆ రాత్రి మా ఇంట్లో పొయ్యి వెలగలేదు. మర్నాడు ఒకాయన ఫోన్ చేసి, “గుర్రమే కదండీ, ఇంకోటి కొనుక్కోవచ్చు” అన్నాడు. ఓదార్చాలనే అన్నాడు, నాకు తెలుసు. కానీ అలాంటి మాట విన్నాక చాలామంది తమ బాధను లోపలికి నెట్టేసుకుంటారు, సిగ్గుపడతారు. ఆ పని చెయ్యకండి.

అమరావతి శిల్పాల్లో సిద్ధార్థుడు ఇల్లు విడిచి వెళ్ళే ఘట్టం ఉంది. ఆయన్ని మోసుకెళ్ళిన గుర్రం కంథకం. యజమాని ఇక తిరిగి రాడని తెలిసి దాని గుండె పగిలిందని బౌద్ధ కథలు చెబుతాయి. మనిషి కోసం గుర్రం ప్రాణం విడిచిందంటే చేతులు జోడించి వింటాం. గుర్రం కోసం మనిషి రెండు పూటలు అన్నం మానేస్తే వింతగా చూస్తాం. ఇది న్యాయం కాదు.

2. గెలిచిన పందేలతో దుఃఖాన్ని కొలవకండి

బాదల్ పెద్ద గుర్రమేమీ కాదు. అక్టోబరు 2న జరిగే డెక్కన్ డెర్బీ దరిదాపులకు కూడా పోలేదు. వానాకాలం సీజన్‌లో, తడిసిన ట్రాక్ మీద మాత్రం బాగా పరుగెత్తేవాడు. ఎడమ ముంగాలి టెండన్ తెగబోయి బయటికొచ్చేశాడు. రేసు పుస్తకంలో వాడి జీవితం అక్కడితో ముగిసింది. నిజానికి అప్పటికి వాడి ఆయుష్షులో నాలుగో వంతు కూడా కాలేదు.

ఇదే నేను అన్నిటికంటే ముందు చెప్పదలచుకున్నది. రేసు గుర్రం జనానికి కనబడేది మూడు నాలుగేళ్ళు. బతికేది పాతికేళ్ళు, ఒక్కోసారి ముప్పై. ఆ మిగతా కాలమంతా దాన్ని ఎరిగినవాళ్ళు ఇద్దరో ముగ్గురో ఉంటారు. వాళ్ళు ఏడ్చేది విజేత కోసం కాదు. ఫలానా టైముకు గేటు దగ్గరకొచ్చి నిలబడేవాడి కోసం, ఉలవలు ఉడికే వాసనకు ముక్కుపుటాలు ఎగరేసేవాడి కోసం.

ఇంగ్లండ్‌లో రెడ్ రమ్ 1973, 1974, 1977లో గ్రాండ్ నేషనల్ గెలిచింది. 1978లో రేసు మానేశాక ఇంకో పదిహేడేళ్ళు బతికింది, దుకాణాల ప్రారంభోత్సవాలకు సైతం తీసుకెళ్ళేవారు. 1995లో ముప్పై ఏళ్ళ వయసులో పోతే ఎయింట్రీ మైదానంలోనే, గెలుపు గీత దగ్గర పూడ్చారు. అది తగిన గౌరవమే. కానీ నా మనసు ఎక్కువగా పోయేది జపాన్‌లోని హరు ఉరారా వైపు. అది 113 పందేలు పరుగెత్తి ఒక్కటీ గెలవలేదు. 2025లో, 29 ఏళ్ళ వయసులో, మా బాదల్‌ను తీసుకుపోయిన కడుపునొప్పే దాన్నీ తీసుకుపోయింది. బతికుండగా దాని పచ్చగడ్డికి ఎక్కడెక్కడి నుంచో జనం డబ్బు పంపారు, పోయాక కన్నీళ్ళు పెట్టుకున్నారు. వాళ్ళను ఎవరూ ఎన్ని గెలిచిందని అడగలేదు.

3. చావు గురించి గుర్రం బాగున్నప్పుడే మాట్లాడుకోండి

అన్నిటిలోకీ కష్టమైన పాఠం ఇది, అందుకే కాస్త వివరంగా చెబుతాను.

గుర్రాలు వాంతి చేసుకోలేవు. ఆహారనాళం పొట్టలోకి చేరేచోట కండరం అంత బిగువుగా ఉంటుంది. పేగులో ఎక్కడ అడ్డు పడినా పైన చేరిందంతా వెనక్కి వచ్చి పొట్టలో నిలిచిపోతుంది, ముక్కులోంచి గొట్టం వేసి తియ్యకపోతే పొట్ట పగిలే దాకా వస్తుంది. ముసలి గుర్రాల్లో, అందులోనూ విత్తులు తీసినవాటిలో, పేగులను పట్టి ఉంచే పొర మీద కొవ్వు గడ్డలు పెరుగుతాయి. కొన్ని గడ్డలు పొడవాటి కాడతో వేలాడుతుంటాయి. ఆ కాడ ఏదో ఒక రోజు పేగు చుట్టూ మెలిపడుతుంది. నిన్న సాయంత్రం దాకా గంతులు వేసిన గుర్రం తెల్లారేసరికి నేల మీద పొర్లుతూ ఉంటుంది.

బాదల్‌కు జరిగింది అదే. చీకటితోనే, గుర్రాలను చూసుకునే మా సైస్ వచ్చి తలుపు కొట్టాడు. “సాబ్, రాత్రి దాణా ముట్టలే. మాటిమాటికి డొక్క దిక్కు చూస్తున్నడు” అన్నాడు. వెళ్ళేసరికి మెడ మీద చెమట, ముంగాలితో నేల తవ్వుతున్నాడు. దవడ కింద వేళ్ళు పెట్టి నాడి చూశాను. బాగున్న గుర్రానికి నిమిషానికి ముప్పై, నలభై మధ్య ఉండాల్సింది ఎనభై దాటింది. పైపెదవి ఎత్తితే చిగుళ్ళు గులాబీ రంగు పోయి ముదురు ఎరుపుకు తిరిగాయి. చెయ్యి పెట్టి చూస్తే ఉబ్బిన చిన్నపేగు చుట్టలు తగిలాయి. నొప్పికి ఇచ్చిన ఇంజెక్షన్ అరగంట కూడా ఆపలేదు.

అలాంటి వేళ ఆపరేషన్ చేయించాలా, ఇన్ని గంటలు లారీలో తీసుకెళ్ళాలా, వయసెంత, కోలుకుంటాడా అని తర్కించే బుద్ధి ఎవరికీ ఉండదు. మేం ఆ మాట చాలా ముందే, ఒక పండగ రోజు నింపాదిగా కూర్చుని అనుకున్నాం. ఇరవై దాటాక కడుపు కోయించం, బాధ ఆగకపోతే ఆలస్యం చెయ్యం అని కాగితం మీద రాసి దాణా గది తలుపు లోపలివైపు అతికించాం. నేను ఊళ్ళో లేకపోతే నిర్ణయం ఎవరిది, ఏ డాక్టర్ని పిలవాలి, జేసీబీ ఎవరిది, అన్నీ అందులో ఉన్నాయి. రాసేటప్పుడు మా ఆవిడ అపశకునమని ముఖం తిప్పుకుంది. ఆ తెల్లవారుజామున ఆ కాగితం చూసి నిబ్బరంగా “కానివ్వండి” అన్నది ఆవిడే.

మీరు కూడా రాసుకోండి. వాడి మీద ప్రేమ ఉన్నవాళ్ళే ముందు రాసుకోవాలి.

4. తల దగ్గర మీరే ఉండండి

డాక్టరైనా సరే, సొంత గుర్రానికి ప్రాణం తీసే సూది మీరు వెయ్యకండి. నేను నాకంటే చిన్నవాడైన ఒక డాక్టర్ని పిలిపించి, పగ్గం నేను పట్టుకున్నాను. ముందు మత్తు ఇస్తారు, తల కిందికి వాలుతుంది, తర్వాత మెడ నరంలోకి అసలు మందు. నాలుగువందల యాభై కిలోల ఒళ్ళు ఒక్కసారిగా కూలుతుంది కాబట్టి ఎదురుగా నిలబడవద్దు, భుజం పక్కగా ఉండండి. మెత్తటి నేల చూసుకోండి. పిల్లల్ని కొంచెం దూరంగా పెట్టండి, కానీ చూస్తామంటే కాదనకండి.

మాట్లాడుతూ ఉండండి. రోజూ మాట్లాడే మాటలే. నేను వాడి నొసటి సుడి మీద వేలు తిప్పుతూ ఉన్నాను. ఆ సుడి కుడి కంటికి కాస్త పైగా, పక్కకు జరిగి ఉండేది. గుర్రం పాస్‌పోర్టులో బొమ్మ గీసి సుడులన్నీ గుర్తు పెడతారు, ఏ రెండు గుర్రాలకూ అవి ఒక్క తీరుగా ఉండవు. రంగు మారుతుంది, బరువు మారుతుంది. మలక్‌పేటకు కొత్తగా వచ్చిన రోజు రాసిన ఆ సుడి మాత్రం చివరి దాకా అక్కడే ఉంది.

5. తోడు గుర్రానికి చూపించండి

బాదల్‌తో ఒక పొట్టి ఆడ టట్టు ఉండేది. ఇద్దరూ ఒకరి తోకతో మరొకరి ముఖం మీది ఈగలు తోలుకుంటూ నిలబడేవాళ్ళు. తోడు గుర్రానికి చూపించకుండా కళేబరాన్ని తరలించేస్తే మిగిలింది రోజుల తరబడి సకిలిస్తుంది, కంచె వెంట తిరుగుతుంది, మేత మానేస్తుంది. నేను వైద్యం చేసిన శాలల్లో ఇది ఎన్నోచోట్ల చూశాను. మా టట్టును వదిలాం. వచ్చి ముక్కు వాసన చూసింది, చెవులు చూసింది, పంటితో జూలు లాగింది, కాలితో భుజాన్ని తట్టింది. కాసేపటికి తనంతట తనే పక్కకు పోయి గడ్డి కొరికింది. తొందరపెట్టకండి. దానికి ఎంతసేపు కావాలో దానికే తెలుసు.

6. మట్టి పని అదే రోజు ముగియాలి

మన ఎండలకు శరీరం ఆగదు. చోటు ముందే చూసుకోవాలి. మా వైపు రెండడుగుల కింద బండ తగులుతుంది, జేసీబీ వచ్చాక వెతుక్కుంటే పూట పోతుంది. బోరుకు, వాగుకు దూరంగా తవ్వించండి. మా మండలంలో పడిన వాన గండిపేటకో హిమాయత్‌సాగర్‌కో చేరుతుంది, ఆ నీళ్ళు హైదరాబాద్ తాగుతుంది. మనిషి నిలువు కన్నా లోతు ఉండాలి, పైన సున్నం చల్లాలి.

ఆ సూది మందు శరీరంలోనే ఉండిపోతుంది, తిన్న కుక్కలూ గద్దలూ చస్తాయి. పశువులకు వాడిన డైక్లోఫెనాక్ అనే నొప్పి మందు వల్ల దేశంలో రాబందులు ఎంతగా తుడిచిపెట్టుకుపోయాయో, 2006లో పశువైద్యంలో దాన్ని ఎందుకు నిషేధించాల్సి వచ్చిందో నా తరం డాక్టర్లు కళ్ళారా చూశారు. మన దుఃఖం ఇంకో ప్రాణి మీద పడకూడదు.

7. ముందు సైస్‌ని పలకరించండి

ఈ మాట గుర్రాల యజమానులకు గట్టిగా చెబుతున్నాను. గుర్రం మీది కావచ్చు, దానితో గడిపిన గంటలు అతనివి. చీకటితో లేచి పేడ ఎత్తింది, మాలీషు చేసింది, ఆ వాచిన టెండన్ మీద రోజూ సాయంత్రం పైపుతో చన్నీళ్ళు పట్టింది అతను. అందరూ వచ్చి నా చెయ్యి పట్టుకున్నారు. గడ్డివాము వెనక కూర్చున్నవాడి దగ్గరికి ఎవరూ వెళ్ళలేదు. మా ఆవిడ టీ గ్లాసు తీసుకుని వెళ్ళింది.

అమెరికాలో సెక్రటేరియట్ 1973లో ట్రిపుల్ క్రౌన్ గెలిచింది. బెల్మాంట్ పందెంలో వెనక గుర్రానికి 31 లెంగ్తుల దూరం. 1989 అక్టోబరు 4న గిట్టల్లో ల్యామినైటిస్ ముదిరి దానికి కారుణ్య మరణం ఇప్పించాల్సి వచ్చింది. అక్కడ పేరున్న గుర్రాలకు తల, గుండె, గిట్టలు మాత్రమే పూడ్చే ఆనవాయితీ ఉన్నా దాన్ని మాత్రం నిండుగా పూడ్చారు. దాని సైస్ ఎడ్డీ స్వెట్. కెంటకీ హార్స్ పార్కులో ఉన్న కంచు విగ్రహంలో గుర్రం మీద జాకీ ఉన్నాడు, పగ్గం పట్టుకుని నడుస్తూ ఎడ్డీ స్వెట్ కూడా ఉన్నాడు. ఆ విగ్రహం చేయించినవాళ్ళకు నేను నమస్కరిస్తాను. ఆస్ట్రేలియాలో పేరు మోసిన రేసు గుర్రం ఫార్ లాప్ 1932లో కాలిఫోర్నియాలో పోయినప్పుడు పక్కన ఉన్నది టామీ వుడ్‌కాక్ అనే సైసే. ఆ తర్వాత దాని చర్మం మెల్‌బోర్న్‌కు, గుండె కాన్‌బెర్రాకు, ఎముకలు న్యూజిలాండ్‌కు పంచారు. దేశాలు పంచుకోవడానికి చాలా ఉంది, వుడ్‌కాక్‌కు మాత్రం ఏమీ మిగల్లేదు.

ఇంకొకటి. గుర్రం పోతే సైస్‌కు జీతం కూడా పోతుందన్న భయం ఉంటుంది. బాధలో ఉన్నవాడు ఆ మాట అడగలేడు. ఆ రోజు పొద్దుగూకే లోపే మీరే చెప్పండి, నీ పని ఎక్కడికీ పోదని. తోక వెంట్రుకలు కొన్ని కత్తిరించి ముందు అతని చేతిలో పెట్టండి, ఆ తర్వాత మీరు తీసుకోండి.

8. ఇంకో గుర్రాన్ని తెచ్చేముందు మీ వయసు లెక్క వేసుకోండి

ఫిబ్రవరిలో చలికాలం సీజన్ ముగిశాక మలక్‌పేట నుంచి కొన్ని గుర్రాలు బయటికొస్తాయి. కొన్ని రైడింగ్ స్కూళ్ళకు, కొన్ని పోలీసు శాలలకు పోతాయి. కొన్ని పాముకాటు విరుగుడు మందు కోసం రక్తం ఇచ్చే కేంద్రాలకు పోతాయి. వాటి వల్ల బతికినవాళ్ళు మన పల్లెల్లో ఎందరో ఉన్నారు, అలాంటి గుర్రాన్ని చూసినప్పుడు నాకు చేతులు జోడించాలనిపిస్తుంది. బ్యాండు, టపాకాయల మధ్య బరాత్‌లకు తిప్పడం మాత్రం రేసు గుర్రాల జాతికి నరకమే.

మీరు కుర్రవాళ్ళు, ఆరేళ్ళ గుర్రాన్ని తెచ్చుకున్నా ఇరవై ఏళ్ళు సాకగలరు. నేను తెస్తే అది నా తర్వాత ఎవరి పాలవుతుంది? అందుకే టట్టుకు తోడుగా ఒక రైడింగ్ స్కూలు నుంచి పద్దెనిమిదేళ్ళ ఆడ గుర్రాన్ని అడిగాం. పళ్ళు అరిగాయి, ఎండుగడ్డి నమలలేదు, దాణా నానబెట్టి పెట్టాలి. సైస్ అప్పుడే పెద్ద తొట్టి కొనుక్కొచ్చాడు. గ్లాండర్స్ అనే అంటువ్యాధి రక్తపరీక్ష రిపోర్టు హిస్సార్‌లోని గుర్రాల పరిశోధన కేంద్రం నుంచి వచ్చాకే పంపమని ఆ స్కూలువాళ్ళకు చెప్పాను. ఎంత తెలిసినవాళ్ళ గుర్రమైనా ఆ కాగితం చూడకుండా మీ శాలలోకి రానివ్వకండి.