బిడ్డలతో కలిసి ఇంట్లో బిస్కెట్లు: చేతిపని వారిది, పొయ్యి పని మనది



క్రిస్మస్ సెలవులు వస్తున్నాయంటే ఆత్మకూరు, ఉదయగిరి ప్రాంతాల ఇళ్లలో కజ్జికాయలు, అరిసెలు, గవ్వల పని మొదలవుతుంది. పెద్దలు నూనె బాణలి దగ్గర కూర్చుంటే, పిండిని దువ్వెన మీద ఒత్తి గవ్వలు చుట్టే పని బిడ్డలకు వస్తుంది. ఆ పనిలో వారికి ఎంత సంతోషమో మనందరికీ తెలుసు. అయితే సలసల కాగే నూనె చుట్టూ బిడ్డలు తిరగడం ప్రమాదం. బిస్కెట్లకు ఆ నూనె అవసరం లేదు. మూత పెట్టిన గిన్నెలో సన్నని సెగ మీద కాలతాయి. అందుకే ఈ నెల పాఠానికి ఇంట్లో చేసుకునే రాగి బిస్కెట్లను ఎంచుకున్నాము.

బిస్కెట్ అన్నం కాదు

వార్డులో రోగిని చూడవచ్చే బంధువుల చేతి సంచిలో తరచుగా ఉండేది బిస్కెట్ ప్యాకెట్టే. ఇళ్లలోనూ చాలామంది బిడ్డలకు పొద్దున టీ, బిస్కెట్లే ఫలహారం. కడుపు నిండినట్టు ఉంటుంది కాబట్టి బిడ్డ ఇక అన్నం, పప్పు, గుడ్డు ముట్టడు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన ఆంధ్రప్రదేశ్‌లో 6 నెలల నుంచి 5 ఏళ్లలోపు పిల్లల్లో నూటికి 63 మందికి రక్తహీనత ఉంది. దీనికి కారణాలు చాలా ఉన్నాయి. తినవలసిన తిండి స్థానంలో టీ, బిస్కెట్ రావడం మాత్రం మన ఇంట్లో మనమే సరిదిద్దుకోగల విషయం. పైగా తిండిలోని ఇనుమును ఒంటికి పట్టనీయకుండా టీ అడ్డుపడుతుంది.

బిస్కెట్ తినవద్దని బిడ్డను కోప్పడితే ఫలితం ఉండదు. ఒక్కసారి ఆ బిడ్డ చేతనే చేయించి చూడండి. ఎంత బెల్లం పోశామో, ఎంత నెయ్యి పట్టిందో తన కళ్లతో చూస్తుంది. ఇది పండుగకు, సాయంత్రం చిరుతిండికి రెండు తినే వస్తువు అని తనకే తెలుస్తుంది.

కావలసినవి (24 బిస్కెట్లకు)

రాగిపిండి 100 గ్రాములు, గోధుమపిండి 100 గ్రాములు, జల్లించిన బెల్లం పొడి 80 గ్రాములు, నెయ్యి 80 గ్రాములు, బేకింగ్ పౌడరు అర టీస్పూను, చిటికెడు ఉప్పు, రెండు యాలకుల పొడి, కాచి చల్లార్చిన పాలు రెండు మూడు చెంచాలు.

తూకం లేనివారు ఒకే గ్లాసుతో కొలుచుకోవచ్చు. గ్లాసు రాగిపిండి, గ్లాసు గోధుమపిండి, అర గ్లాసుకు కొంచెం ఎక్కువగా బెల్లం పొడి, అర గ్లాసు నెయ్యి.

రాగిపిండినే ఎందుకు తీసుకున్నామంటే, 100 గ్రాముల రాగుల్లో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. మైదాలో అందులో పదో వంతు కూడా ఉండదు. ఎముకలు, పళ్లు పెరిగే వయసు వారికి కాల్షియం చాలా అవసరం.

మొదట చేతులు

పిండి ముట్టకముందు అందరూ, పెద్దలతో సహా, సబ్బుతో 20 సెకన్లు చేతులు కడుక్కోవాలి. వేళ్ల సందులు, గోళ్ల కింద, బొటనవేలు, మణికట్టు మరవకూడదు. గోళ్లు కత్తిరించి ఉండాలి. విరేచనాలు, వాంతులు ఉన్న బిడ్డను, చేతి మీద గజ్జి లేక చీము పుండు ఉన్న బిడ్డను ఆ రోజు పిండిలో చేయి పెట్టనీయవద్దు. కొలతలు లెక్కపెట్టే పని అప్పగించండి.

పచ్చి పిండి రుచి చూడకూడదని ముందే చెప్పాలి. మరలో ఆడించిన పిండి కాలే వరకు పచ్చిదే, అందులో రోగక్రిములు ఉండవచ్చు. వేలు నాకితే మళ్లీ చేతులు కడుక్కుని రావాలి.

ఏ వయసుకు ఏ పని

3, 4 ఏళ్లవారు: జల్లెడ ఊపడం, చిన్న ఉండలు చుట్టడం.

5 నుంచి 7 ఏళ్లవారు: గ్లాసుతో కొలవడం, కలపడం. కలపడానికి మన ఉదయగిరి చెక్క గరిటె చాలా బాగుంటుంది. భౌగోళిక గుర్తింపు పొందిన ఈ గరిటెలు తేలికగా ఉండి చిన్న చేతికి నొప్పి పుట్టించవు. వాడిన తరువాత కడిగి, తడి లేకుండా బాగా ఆరబెట్టాలి.

8 నుంచి 11 ఏళ్లవారు: తూకం చూడడం, కాగితం మీద రాసుకోవడం, గడియారం చూసి సమయం చెప్పడం.

12 ఏళ్లు దాటినవారు: పెద్దలు పక్కన నిలబడి ఉంటేనే పొయ్యి దగ్గర పని.

చేసే విధానం

1. పెద్దవారు రాగిపిండిని సన్నని సెగ మీద నాలుగైదు నిమిషాలు వేయించి, పూర్తిగా చల్లారనివ్వాలి. పచ్చి వాసన పోతుంది.

2. బిడ్డలు రెండు పిండ్లు, ఉప్పు, బేకింగ్ పౌడరు కలిపి రెండుసార్లు జల్లించాలి.

3. వేరే గిన్నెలో నెయ్యి, బెల్లం పొడి, యాలకుల పొడి బాగా కలిపి, అందులో పిండి కొంచెం కొంచెంగా వేయాలి. ముద్ద కట్టకపోతే పాలు చెంచా చెంచాగా చేర్చాలి. చపాతీ పిండిలాగా పిసకవద్దు.

4. 24 ఉండలు చేసి, అరచేతితో అదిమి, కడిగిన ఫోర్కుతో గీతలు పెట్టాలి. గవ్వ, చేప, నక్షత్రం, తన పేరులోని మొదటి అక్షరం, ఏ ఆకారమైనా బిడ్డ ఇష్టం. అన్నీ ఒకే మందంలో ఉంటే సమానంగా కాలతాయి.

5. అడుగు మందంగా ఉన్న పాత సత్తు గిన్నెలో వేలెడు మందం జల్లించిన పొడి ఇసుక గానీ ఉప్పు గానీ పోసి, పైన చిన్న స్టాండు పెట్టాలి. మూత పెట్టి 10 నిమిషాలు మధ్యస్థ సెగ మీద వేడి చేయాలి. ఇక్కడి నుంచి పని అంతా పెద్దలదే.

6. నెయ్యి రాసిన పళ్లెంలో ఎనిమిదేసి బిస్కెట్లు ఎడంగా పెట్టి స్టాండు మీద ఉంచి, మూత వేసి, సన్నని సెగ మీద 20 నుంచి 25 నిమిషాలు కాల్చాలి. అంచులు గట్టిపడితే తీయవచ్చు. మధ్యలో మెత్తగా ఉన్నా చల్లారాక గట్టిపడతాయి.

ప్రెషర్ కుక్కరు వాడేవారు గ్యాస్కెట్, విజిల్ రెండూ తప్పక తీసివేయాలి. అవి ఉండగా నీళ్లు లేని కుక్కరును పొయ్యి మీద పెట్టకూడదు.

బిడ్డలు అడిగే ప్రశ్నలు

గోధుమపిండి ఎందుకు కలిపాము? గోధుమపిండికి తడి తగిలితే సాగే జిగురు పుడుతుంది. రాగిపిండిలో అది లేదు. ఒక్క రాగిపిండితో చేస్తే బిస్కెట్ పొడి పొడిగా రాలిపోతుంది.

ఎక్కువ పిసకవద్దని ఎందుకు అన్నారు? పిసికేకొద్దీ ఆ జిగురు బలపడి బిస్కెట్ గట్టి చెక్కలాగా అవుతుంది.

ఎందుకు పొంగింది? బేకింగ్ పౌడరుకు తడి, వేడి తగిలినప్పుడు బుడగలు పుట్టి పిండిని పైకి లేపుతాయి.

పొయ్యి దగ్గర జాగ్రత్తలు

మన పల్లెల్లో చాలా ఇళ్లకు పొయ్యి నేల మీదనే ఉంటుంది, అంటే పాకే బిడ్డకు అందేంత దగ్గర. పొయ్యి చుట్టూ మూడు అడుగుల దూరంలో సుద్దముక్కతో గీత గీయండి. గిన్నె చల్లారే వరకు ఆ గీత దాటకూడదని ఆటలాగా నేర్పండి. ఇసుక, గిన్నె పొయ్యి ఆపిన చాలాసేపటి దాకా వేడిగానే ఉంటాయి. వేడి పళ్లెం తీయడానికి పట్టకారు గానీ పొడి మసిగుడ్డ గానీ వాడండి. తడి గుడ్డలోనుంచి వేడి వెంటనే చేతికి ఎక్కుతుంది. వదులు ఓణీలు, చున్నీలు నడుముకు బిగించుకోవాలి.

చేయి కాలితే వెంటనే చల్లని మంచినీళ్లను కాలిన చోట ధారగా 20 నిమిషాలు పోయాలి. కుళాయి లేకపోతే చెంబుతో ఆపకుండా పోయండి. వాపు రాకముందే ఉంగరాలు, గాజులు తీసివేయాలి. ఐసు పెట్టవద్దు. టూత్‌పేస్టు, సిరా, పసుపు, పేడ, గుడ్డు సొన ఏదీ పూయవద్దు. అవి పుండులో క్రిములు చేరడానికి దారి ఇస్తాయి, డాక్టరు చూడడానికీ అడ్డం అవుతాయి. బొబ్బలు చిదమకుండా ఉతికిన శుభ్రమైన గుడ్డ కప్పి ఆసుపత్రికి తీసుకురండి. ముఖం, చేతులు, కీళ్లు, మర్మావయవాలు కాలినా, గాయం బిడ్డ అరచేతి కంటే పెద్దదైనా ఆలస్యం చేయకుండా 108కి ఫోన్ చేయండి.

ఎన్ని తినాలి

80 గ్రాముల బెల్లాన్ని 24 బిస్కెట్లకు పంచితే ఒక్కొక్క దానిలో 3 గ్రాములు దాటుతుంది. రెండు తింటే దాదాపు ఒకటిన్నర టీస్పూను. చక్కెరలు రోజు మొత్తం శక్తిలో 10 శాతానికి మించకూడదని, 5 శాతం లోపు ఉంటే ఇంకా మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. 5 శాతం అంటే 6 ఏళ్ల బిడ్డకు రోజంతటికీ సుమారు 4 టీస్పూన్లు. కాబట్టి రోజుకు రెండు చాలు, అదీ సాయంత్రం, భోజనానికి ముందు కాదు. తిన్నాక నోరు పుక్కిలించాలి. రెండేళ్లలోపు బిడ్డలకు తీపి కలిపినవి పెట్టవద్దు. చిన్నపిల్లలకు చేసే బిస్కెట్లలో వేరుశనగ గుళ్లు, జీడిపప్పు ముక్కలు వేయవద్దు, గొంతుకు అడ్డుపడే ప్రమాదం ఉంది.

షుగరు వ్యాధి ఉన్న తాతయ్యలు, అవ్వలు కూడా గమనించాలి. రాగులు, బెల్లం అనగానే ఎన్నయినా తినవచ్చని అనుకోవద్దు. రక్తంలో బెల్లం కూడా చక్కెరే. అలాగే ఈ బిస్కెట్ రక్తహీనతకు మందు కాదు. బడిలో, అంగన్‌వాడీలో ఇచ్చే ఐరన్ మందు, నులిపురుగుల మాత్ర బిడ్డకు తప్పక వేయించండి. ఆకుకూర, పప్పు, గుడ్డు, వాటితో పాటు నిమ్మకాయ గానీ జామకాయ గానీ పెట్టండి.

ఈ నెల బిడ్డలకు ఇంటిపని

ఇంట్లో నలుగురు ఉంటే 24 బిస్కెట్లు ఒక్కొక్కరికి ఎన్ని వస్తాయి? రోజుకు రెండు చొప్పున ఎన్ని రోజులు వస్తాయి? లెక్కచేసి, బాగా చల్లారిన బిస్కెట్లను మూత గట్టిగా ఉన్న స్టీలు డబ్బాలో పెట్టి, డబ్బా మీద చేసిన తేదీ రాసి అంటించండి. వారం పది రోజుల్లో తినేయాలి. పక్కింటి వారికి రెండు ఇవ్వడం మరచిపోవద్దు. ఇచ్చేటప్పుడు వారింటి బిడ్డలకు చేతులు కడుక్కునే పద్ధతి కూడా మీరే నేర్పించండి.