మారిషసు ద్వీపయాత్రకు ముందు

సెలవులలో సముద్రము దాటి యాత్ర చేయగోరు కుటుంబములు నేడు మన జిల్లాలలో పెక్కు కలవు. అట్టి యాత్రకు ముందుగా నేమేమి యాలోచింపవలయునో తెలుపుటకై హిందూ మహాసముద్రమందలి మారిషసు ద్వీపము నుదాహరణముగా గైకొని యీ పాఠమును వ్రాయుచున్నాను. విద్యార్థులు పటమును ముందుంచుకొని చదువుదురు గాక.

మడగాస్కరునకు తూర్పున సుమారు 800 కిలోమీటర్ల దూరమున, భూమధ్యరేఖకు దక్షిణముగా 20 డిగ్రీల చెంత నీ ద్వీపమున్నది. కావున నచ్చటి ఋతువులు మన ఋతువులకు విపరీతములు. మనకు వడగాడ్పులు వీచు మే నెలలో నచ్చట చల్లని కాలమారంభమగును. జనవరి మొదలు మార్చి వరకు తుపానుల భయము మెండు. మన వేసవి సెలవు లీ ప్రయాణమున కనుకూలములని దీనివలన తేలుచున్నది. అచ్చటి గడియారము మనకంటె గంటన్నర వెనుక. అచ్చటి నాణెమునకును రూపాయి యనియే పేరు; 1876 నుండి అది చెల్లుచున్నది. కాని యది వేరు రూపాయి. మన రూపాయలను మార్చుకొనక తప్పదు.

యాత్రికులలో ననేకులు దినములన్నియు తెల్లని యిసుకమీదనే గడిపి, తిరుగుప్రయాణమునకు ముందు పూట మాత్రము పట్టణమును చూతురు. ఈ పద్ధతి నాకు సమ్మతము గాదు. ఆ యిసుకను విడిచి కొంతదూరము లోపలికి పోయినచో చెరకుతోటలు కానవచ్చును. ఆ చెరకు నచ్చటికి తెచ్చినదెవరు? నరికినదెవరు? ఈ ప్రశ్నలతో యాత్ర నారంభింపవలయును.

పూర్వమా ద్వీపమున స్థిరనివాసులైన మనుష్యులే లేరు. 1598లో డచ్చివారు దిగి, తమ రాకుమారుడగు మారిసు పేర దానికి నామకరణము చేసిరి. 1639లో జావానుండి చెరకు తెచ్చినవారు వారే. ఎగురలేని డోడో పక్షి యా శతాబ్దమునందే నశించెను. 1710లో వారు విడిచిపోగా, 1715లో ఫ్రెంచివారు ద్వీపమును తమదనిరి. వారి గవర్నరగు లాబూర్డొనే పోర్టు లూయీ రేవును వృద్ధిచేసెను; 1746లో నచ్చటినుండియే నౌకలతో వచ్చి చెన్నపట్టణమును పట్టుకొనినవాడును నతడే. 1810లో ఇంగ్లీషువారు ద్వీపమును గెలిచిరి. బందరులోని వలందపాలెము, పరాసుపేట, ఇంగ్లీషుపాలెములను చూచినవారికి ఈ మూడుజాతులు క్రొత్తవి కావు!

తోటలలో పనిచేసినవారు మడగాస్కరు, ఆఫ్రికాలనుండి తేబడిన బానిసలు. 1835లో బానిసత్వము రద్దయ్యెను. తోటల యజమానులకు కూలీలు కావలసివచ్చిరి. 1834 నవంబరు 2వ తేదీన అట్లాసు అను ఓడ కలకత్తానుండి 36 మంది కూలీలను దించెను. ఒడంబడిక అయిదేండ్లు, పురుషునకు నెలకు 5 రూపాయలు. ఒకదినము పనికి రాకున్న రెండుదినముల కూలి కోయుట యా తోటల యాచారము. ఇట్లు సుమారు నాలుగున్నర లక్షలమంది మన దేశమునుండి పోయిరి. వారిలో తెలుగువారును కలరు. కాకినాడ చెంతనున్న కోరంగి రేవునుండి యోడలెక్కినవారగుటచే వారిని ‘కోరింగీలు’ అనిరి.

కావున మొదటి దినమున పోర్టు లూయీలోని ఆప్రవాసి ఘాటును చూడవలయును. కూలీలు దిగిన రేవు అదియే. అచ్చట కొన్ని రాతిమెట్లు మిగిలియున్నవి, చూచుట కల్పములు. 2006లో యునెస్కో వారు దీనిని ప్రపంచ వారసత్వ స్థలముగా గుర్తించిరి. నైరుతి మూలనున్న లె మోర్ను కొండ పారిపోయిన బానిసలకు శరణమైనది. దానికి 2008లో నా గౌరవము కలిగెను. పాంప్లెమూసు తోటలోని పెద్ద తామరాకులు పిల్లలకు నచ్చును. తపాలాబిళ్లలు కూర్చువారు 1847 నాటి ప్రసిద్ధములగు బిళ్లలను రేవుపట్టణపు మ్యూజియమున చూడగలరు.

మోకాలోని మహాత్మాగాంధీ సంస్థలో కూలీల దాఖలాపుస్తకములు భద్రపరుపబడినవి. వచ్చినవాని పేరు, తండ్రిపేరు, వయస్సు, గ్రామము అందు వ్రాయబడినవి. కొందరి ఛాయాచిత్రములును గలవు. అయితే తెలుగెరుగని గుమాస్తాలు చెవికి తోచినట్లు వ్రాసిరి. మన యింటిపేళ్లు పెక్కు పోయినవి. తాతగారి పేరే యింటిపేరయ్యెను. అప్పన్న యనునది నేడచ్చట ఇంటిపేరు. ఆ వంశములవారు ఇండ్లలో క్రియోలు భాష మాటలాడుదురు. అయినను ఉగాది అచ్చట ప్రభుత్వపు సెలవుదినము. బడులలో తెలుగు నేర్పుదురు. వారు పలుకు నాలుగు తెలుగుమాటలు విని నవ్వరాదు. ఆ మాటలు నూరేండ్లకు పైగా తల్లినుండి బిడ్డకు అందుచు వచ్చినవి.

తూర్పుతీరపు జిల్లాలనుండి పోవువారికి ముఖ్యమైన పని యొకటి కలదు. బయలుదేరుటకు ముందే యింటి పెద్దలనడిగి, పూర్వము ‘మోరీసు’ పోయి తిరిగిరాని బంధువు డెవడైన గలడేమో తెలిసికొనుడు. వాని పేరు, తండ్రిపేరు, గ్రామము, తాలూకా, పోయిన కాలము తెలిసినంతవరకు వ్రాసికొనుడు. ఆ కాగితమును పాస్‌పోర్టుతో కూడ నొకే సంచిలో పెట్టుకొనుడు.