‘లోపం 54’ నేర్పిన పాఠం

మీ తరగతి గది గోడకున్న స్విచ్‌బోర్డును ఒకసారి గుర్తుకు తెచ్చుకోండి. దాని మీద ఆరు స్విచ్చులు ఉన్నాయనుకుందాం. ఏ స్విచ్చు వేస్తే ఏ ఫాను తిరుగుతుందో, ఏ దీపం వెలుగుతుందో చూడగానే చెప్పగలరా? నేను చాలా ఏళ్లుగా పాఠాలు చెబుతున్నాను. ఇప్పటికీ కొత్త గదిలోకి వెళ్లి ఫాను కోసం స్విచ్చు వేస్తే దీపం వెలుగుతుంది. పిల్లలు నవ్వుతారు. నేనూ నవ్వి మరో స్విచ్చు వేస్తాను.

ఇంతకూ తప్పు ఎవరిది? ఆరు స్విచ్చులదీ ఒకే రంగు, ఒకే ఆకారం. ఏది దేనికి సంబంధించినదో తెలిపే గుర్తు ఒక్కటీ లేదు. అలాంటప్పుడు పొరపాటు జరగకపోతేనే ఆశ్చర్యపోవాలి. తరగతి గదిలో ఈ పొరపాటు ఖరీదు ఒక నవ్వు మాత్రమే. కాని విమానం నడిపేవారి చేతిలోనో, రోగికి చికిత్స చేసేవారి చేతిలోనో ఇదే జరిగితే?

ఇప్పుడు ఇటువంటి పనులెన్నో కంప్యూటర్ల సాయంతో సాగుతున్నాయి. కంప్యూటరు చేత పని చేయించే ఆదేశాల సముదాయాన్నే సాఫ్ట్‌వేర్ అంటారని మీకు తెలుసు. డాక్టర్లు, పైలట్లు, గణకులు వంటి నిపుణులు వాడే సాఫ్ట్‌వేర్ ఎలా ఉండాలి? దీనికి సమాధానం కంప్యూటర్లు రాకముందే, ఒక విమానంలో దొరికింది.

ఒకేలాంటి రెండు మీటలు

రెండవ ప్రపంచ యుద్ధకాలంలో అమెరికాకు బి-17 అనే బాంబరు విమానం ఉండేది. విమానం క్షేమంగా నేలకు దిగిన తరువాత పైలట్ రెక్కల వెనుక ఉండే ఫ్లాపులను ముడవాలి. కాని కొందరు పైలట్లు ఫ్లాపులకు బదులు చక్రాలను ముడిచేసేవారు. దానితో విమానం పొట్టమీద కూలబడేది. ‘పైలట్ల అజాగ్రత్త’ అని అందరూ అన్నారు.

ఆల్ఫాన్స్ చపానిస్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త పైలట్లను తప్పుపట్టే ముందు వారు కూర్చునే చోటును పరిశీలించాడు. ఫ్లాపుల మీట, చక్రాల మీట పక్కపక్కనే ఉన్నాయి. రెండూ చూడటానికి ఒకేలా ఉన్నాయి. యుద్ధం నుంచి అలసిపోయి వచ్చిన మనిషి చేయి ఒకదానికి బదులు మరొకదాని మీద పడటంలో వింతేముంది? చపానిస్ చక్రాల మీటకు చిన్న చక్రం ఆకారాన్ని, ఫ్లాపుల మీటకు రెక్క ముక్కలాంటి ఆకారాన్ని అమర్చమన్నాడు. ఇప్పుడు కళ్లు మూసుకున్నా చేతికి తేడా తెలుస్తుంది. ఈనాటికీ పెద్ద విమానాలలో చక్రాల మీట పిడి చక్రం ఆకారంలోనే ఉంటుంది.

1947లో పాల్ ఫిట్స్, రిచర్డ్ జోన్స్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ‘పైలట్ పొరపాటు’ అనుకున్న 460 సంఘటనలను విడివిడిగా పరిశీలించారు. వాటిలో చాలావాటికి మూలం పరికరాల అమరికలో ఉందని తేల్చారు.

తెరమీద ఒక అంకె

మీటల స్థానంలో కంప్యూటరు తెర వచ్చాక ఈ పాఠాన్ని కొందరు మరచిపోయారు. దాని ఫలితం ఎంత దారుణంగా ఉంటుందో థెరాక్-25 కథ చెబుతుంది.

థెరాక్-25 కాన్సర్ రోగులకు వికిరణ చికిత్స చేసే యంత్రం. దీనిని అటామిక్ ఎనర్జీ ఆఫ్ కెనడా లిమిటెడ్ అనే సంస్థ తయారుచేసింది. అది రెండు విధాలుగా పనిచేసేది. పైపైన ఉన్న కణితులకు ఎలక్ట్రానుల పుంజాన్ని నేరుగా వాడేవారు. లోతైన కణితులకు ఎక్స్-కిరణాలు కావాలి. ఎక్స్-కిరణాలు పుట్టాలంటే ఎలక్ట్రానుల పుంజం ఒక లోహపు పలకను ఢీకొట్టాలి. అందుకోసం పుంజాన్ని దాదాపు నూరు రెట్లు బలంగా పంపేవారు. ఇక్కడే ప్రమాదం పొంచి ఉంది. బలమైన పుంజం వస్తున్నప్పుడు లోహపు పలక అడ్డం లేకపోతే రోగి శరీరం ఏమవుతుందో మీరే ఊహించండి.

పాత నమూనాలో ఇలా జరగకుండా యాంత్రికమైన, విద్యుత్ సంబంధమైన అడ్డుకట్టలు ఉండేవి. థెరాక్-25లో వాటిని తీసివేసి ఆ కాపలా బాధ్యతను సాఫ్ట్‌వేర్‌కు అప్పగించారు.

1986 మార్చి 21న అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రం టైలర్ పట్టణంలో, ఒక ఆసుపత్రిలో అనుభవజ్ఞురాలైన ఆపరేటరు రోగి వివరాలను టైపు చేస్తోంది. రోగి మాత్రం వేరే గదిలో యంత్రం కింద ఉన్నాడు. ఎక్కువమందికి ఎక్స్-కిరణాల చికిత్సే కాబట్టి అలవాటు కొద్దీ ‘ఎక్స్’ అక్షరాన్ని నొక్కింది. ఈ రోగికి కావలసింది ఎలక్ట్రానులు, అంటే ‘ఇ’. వెంటనే గుర్తించి పైకి బాణం ఉన్న కీతో వెనక్కు వెళ్లి, ‘ఇ’ అని దిద్దింది. మిగిలిన వివరాలన్నీ సరిగానే ఉన్నందున రిటర్న్ కీని గబగబా నొక్కుతూ చివరకు చేరింది. వివరాలన్నీ సరిపోయాయని తెర చెప్పింది. ఆమె చికిత్స మొదలుపెట్టింది.

యంత్రం ఆగింది. తెరమీద ఒక మాట, ఒక అంకె కనిపించాయి: ‘లోపం 54’.

అంటే ఏమిటి? యంత్రం దగ్గర ఉన్న కాగితంలో దానికి అర్థం ‘మోతాదు ఇన్‌పుట్ 2’ అని ఉంది. మీకేమైనా తెలిసిందా? ఆమెకూ తెలియలేదు. ఇచ్చిన మోతాదు మరీ ఎక్కువ కావచ్చు, మరీ తక్కువ కావచ్చు అన్నది దాని భావమని తరువాత తెలిసింది. పైగా, 202 యూనిట్లు అడిగితే 6 యూనిట్లే అందినట్లు తెర చూపింది. అటువంటి చిన్న చిన్న లోపాలు ఆ యంత్రంలో తరచు వచ్చేవి. ‘పి’ కీ ఒక్కటి నొక్కితే పని ముందుకు సాగేది. ఆమె ‘పి’ నొక్కింది. మళ్లీ అదే లోపం వచ్చింది.

లోపలి గదిలో ఉన్న రోగికి మొదటిసారే విద్యుదాఘాతం తగిలినట్లయింది. లేవబోతుండగా రెండోసారి చేతికి తగిలింది. ఆ గదిని చూపే కెమెరా, మాటలు వినిపించే సాధనం ఆ రోజు పనిచేయడం లేదు. 180 రాడ్‌లు అందవలసిన చోట 16,500 నుంచి 25,000 రాడ్‌ల దాకా అంది ఉంటాయని తరువాత అంచనా వేశారు. అయిదు నెలల తరువాత అతడు మరణించాడు.

వేగమే శత్రువైన వేళ

యంత్రాన్ని పరీక్షించిన ఇంజనీర్లకు ఏ తప్పూ కనపడలేదు. మళ్లీ వాడుకలోకి తెచ్చారు. ఏప్రిల్ 11న అదే ఆపరేటరు చేతిలో, మరొక రోగికి, మళ్లీ ‘లోపం 54’ వచ్చింది. ఆ రోగి మే 1న మరణించాడు.

ఈసారి ఆసుపత్రిలోని భౌతిక శాస్త్రవేత్త, ఆపరేటరు కలిసి యంత్రం ముందు కూర్చున్నారు. తాను ఏ కీ తరువాత ఏ కీ నొక్కిందో ఆమె గుర్తుకు తెచ్చుకుంది. అదే పనిని మళ్లీ మళ్లీ చేయగా చివరకు రహస్యం బయటపడింది. యంత్రంలోని అయస్కాంతాలు సిద్ధం కావడానికి సుమారు 8 సెకన్లు పట్టేది. ఆ 8 సెకన్లలోపు దిద్దుబాటు పూర్తయితే, సాఫ్ట్‌వేర్‌లో ఒక భాగం దానిని గమనించేదే కాదు. తెరమీద ‘ఇ’ అని ఉన్నా, లోపల మాత్రం ఎక్స్-కిరణాలకు తగిన బలమైన పుంజమే సిద్ధమయ్యేది. లోహపు పలక మాత్రం అడ్డం ఉండేది కాదు.

పరీక్షించినవారికి తప్పు ఎందుకు దొరకలేదో తెలిసిందా? వారు నెమ్మదిగా టైపు చేశారు. పనిలో చేయి తిరిగిన మనిషి వేగం వారికి లేదు. అంటే, ఆపరేటరు ఎంత నిపుణురాలైతే ప్రమాదం అంత ఎక్కువ!

మొదట తయారీ సంస్థ చెప్పిన ఉపాయం ఏమిటంటే, పైకి బాణం ఉన్న కీని పీకి, లోపల టేపు అంటించమని! స్విచ్‌బోర్డులో ఒక స్విచ్చును ఊడబెరికి ‘ఇక పొరపాటు జరగదు’ అనడం లాంటిదే ఇది. అధికారులు ఇది చాలదన్నారు. తరువాతి మార్పులలో విద్యుత్ పరమైన అడ్డుకట్టలను చేర్చడం, అర్థంకాని సందేశాలకు బదులు అర్థమయ్యే మాటలు పెట్టడం ముఖ్యమైనవి. 1985 జూన్ నుంచి 1987 జనవరి దాకా ఈ యంత్రాల వల్ల జరిగిన ప్రమాదాలు ఆరు. వాటి కారణంగా కనీసం ముగ్గురు చనిపోయారు.

ఎవరికి సులభం?

ఇందులో మీరు బాగా ఆలోచించవలసిన విషయం ఒకటుంది. మొదట్లో ఆపరేటర్లు వివరాలను యంత్రం దగ్గర అమర్చి, మళ్లీ తెర ముందు పూర్తిగా టైపు చేయవలసి వచ్చేది. ఆలస్యమవుతోందని వారు అన్నారు. అందుకే రిటర్న్ కీ నొక్కితే పాత వివరమే వచ్చేలా మార్చారు. పని సులభమయింది, కాని రెండుసార్లు సరిచూసే అవకాశం పోయింది. కాబట్టి ‘సులభం’ అంటే తక్కువ కీలు నొక్కడం మాత్రమే కాదు. సరైన పని చేయడం సులభంగా, తప్పు చేయడం కష్టంగా ఉండాలి.

మరో సంగతి చూడండి. 1992 జనవరి 20న ఫ్రాన్సులోని స్ట్రాస్‌బర్గ్ దగ్గర ఎయిర్‌బస్ ఎ-320 విమానం కొండను ఢీకొని 87 మంది మరణించారు. ఆ విమానంలో దిగే తీరును రెండు రకాలుగా చెప్పవచ్చు: కోణంలో, లేదా నిమిషానికి ఇన్ని అడుగులని. ఒకే చిన్న కిటికీలో రెండూ కనిపించేవి. 3.3 డిగ్రీల కోణమైతే ‘-3.3’ అనీ, నిమిషానికి 3,300 అడుగులైతే ‘-33’ అనీ కనిపించేది. తేడా ఒక చుక్క! పైలట్లు ఒకటి అనుకోగా యంత్రం మరొకటి అనుకుని ఉండవచ్చని దర్యాప్తు చేసినవారు భావించారు. తరువాత రెండో సంఖ్యను ‘-3300’ అని పూర్తిగా చూపేలా మార్చారు. పరీక్షలో ప్రమాణం రాయకపోతే మీకు మార్కులు ఎందుకు తగ్గిస్తానో ఇప్పుడు తెలిసిందా?

పలకమీద పుట్టిన ఉపాయం

అన్నీ విషాదాలే కాదు, ఒక మంచి ఉదాహరణ కూడా చెబుతాను. 1978లో హార్వర్డ్ బిజినెస్ స్కూలులో చదువుతున్న డాన్ బ్రిక్లిన్ ఒక ఇబ్బందిని గమనించాడు. నల్లబల్లమీద నిలువు, అడ్డ గీతల పట్టికలో ఒక అంకె మారితే దాని మీద ఆధారపడ్డ లెక్కలన్నీ చెరిపి మళ్లీ రాయవలసిందే. ఆ పట్టికనే కంప్యూటరు తెరమీదికి తెస్తే? బాబ్ ఫ్రాంక్‌స్టన్‌తో కలిసి అతడు తయారుచేసిన ‘విజికాల్క్’ 1979లో ఆపిల్-2 కంప్యూటరుకు వచ్చింది. ఒక గడిలో అంకె మారిస్తే మిగిలిన గడులు వాటంతటవే మారేవి.

దాని విజయరహస్యం ఏమిటి? గణకులకు గీతల పుస్తకం తరతరాలుగా తెలుసు. విజికాల్క్ వారి అలవాటును మార్చమనలేదు, విసుగును మాత్రం తీసివేసింది. పనిలో ఉండే కష్టం వేరు, పనిముట్టు తెచ్చిపెట్టే కష్టం వేరు. మొదటిది నిపుణుడి బాధ్యత. రెండవదాన్ని తొలగించడం సాఫ్ట్‌వేర్ రాసేవాడి బాధ్యత.

గుర్తుంచుకోండి

1. సాఫ్ట్‌వేర్ రాసేముందు, ఆ పని చేసేవారి పక్కన కూర్చుని వారు నిజంగా ఎలా పనిచేస్తున్నారో చూడాలి.
2. వేర్వేరు పనులకు వేర్వేరు గుర్తులుండాలి. అంకె పక్కన ప్రమాణం ఉండాలి.
3. తప్పు జరిగితే ఏం జరిగింది, ఎంత ప్రమాదం, ఇప్పుడేం చేయాలి అన్నది మామూలు మాటలలో చెప్పాలి.
4. ఊరికే హెచ్చరికలు చేయరాదు. ‘నాన్నా పులి’ కథ మీకు తెలిసిందే కదా!
5. తెర చూపేదీ యంత్రం చేసేదీ ఒకటే కావాలి.
6. ప్రాణాపాయం ఉన్నచోట సాఫ్ట్‌వేర్ ఒక్కదాన్నే నమ్మకుండా, విడిగా మరో అడ్డుకట్ట ఉండాలి.
7. కొత్తవారితోనే కాక, చేయి తిరిగినవారితోనూ పరీక్ష చేయించాలి.

చేసి చూడండి

మీ పాఠశాల గ్రంథాలయంలో పుస్తకాలు ఇచ్చే సమయంలో అరగంట పక్కన నిలబడి గమనించండి. ఎవరు ఏమి రాస్తున్నారు? ఎక్కడ వెనక్కు వెళ్లి దిద్దుతున్నారు? ఎక్కడ తడబడుతున్నారు? రాసుకోండి. తరువాత ఆ పనికి తగిన కంప్యూటరు తెరను ఒక కాగితం మీద గీయండి. ఆ కాగితాన్ని గ్రంథాలయ బాధ్యత చూసేవారి ముందుంచి, ‘ఏది నొక్కుతారు?’ అని అడగండి. వారు తికమకపడితే వారిని తప్పుపట్టకండి. మీ బొమ్మను దిద్దండి.

అన్నట్లు, మీ తరగతి స్విచ్‌బోర్డు సంగతి? ఉపాధ్యాయుని అనుమతితో ప్రతి స్విచ్చు కిందా చిన్న చీటీలు అంటించండి: ‘తలుపు దగ్గరి ఫాను’, ‘బల్లపై దీపం’. అక్కడినుంచే మొదలుపెట్టండి.