పరగడుపున రండి

పోయిన వేసవి సెలవుల్లో రెండు నెలలు సికింద్రాబాద్ పాట్నీ దగ్గర ఒక చిన్న ట్రాన్స్‌లేషన్ ఏజెన్సీలో పనిచేశాను. మొత్తం నలుగురం. ఇంగ్లిష్ ప్రకటనలు, యాప్‌లలో ఉండే మాటలు, కరపత్రాలు తెలుగులోకి మార్చాలి. నన్ను తీసుకున్నది ఎక్సెల్ వచ్చని, తెలుగు వచ్చని కాదు. స్కూల్లో తెలుగు నాకు సెకండ్ లాంగ్వేజ్, అదీ గైడ్ బట్టీపట్టి పాసయ్యా. అక్కడ నేర్చుకున్నవి మనలాంటి కోడింగ్ వాళ్లకి పనికొస్తాయనిపించి రాస్తున్నా.

మొదటి పని ఒక ల్యాబ్ వాళ్ల ఎస్ఎంఎస్. షుగర్ టెస్టుకి ఫాస్టింగ్‌లో రమ్మని చెప్పాలి. నేను “ఉపవాసంతో రండి” అని రాశా. డిక్షనరీ ప్రకారం కరెక్టే కదా!

మేడమ్ చదివి, “ఉపవాసమంటే మా అత్తయ్య పాలు తాగుతారు, అరటిపండు తింటారు. అలాగే వెళ్లి రక్తం ఇస్తే?” అన్నారు. రీడింగ్ ఎక్కువ వస్తుంది, దాన్ని చూసి మందు మార్చినా మారుస్తారు. నాకు చెమట పట్టింది. “మీ ఇంట్లో ఎవరైనా పొద్దున్నే ఏమీ తినకముందు మాత్ర వేసుకుంటారా బాబూ? దాన్నేమంటారు?” అని అడిగారు. అమ్మమ్మ థైరాయిడ్ మాత్ర గుర్తొచ్చింది. పరగడుపున! రోజూ వినే మాటే, ఎప్పుడూ టైప్ చెయ్యలేదంతే.

తర్వాత సైజు గొడవ. ఒక ఎస్ఎంఎస్‌కి 140 బైట్లు. ఇంగ్లిష్ అక్షరానికి 7 బిట్లు కాబట్టి 160 పడతాయి. ఒక్క తెలుగు అక్షరం వచ్చినా లెక్క యూనికోడ్‌కి మారి 70కి పడిపోతుంది. పైగా కంటికి ఒకటిగా కనిపించే “క్షి” లోపల నాలుగు: క, పొల్లు, ష, గుడి. పైథాన్‌లో లెన్ కొట్టి చూడండి, 4 అనే వస్తుంది. 70 దాటితే మెసేజ్ ముక్కలవుతుంది, ముక్కకి 67 చొప్పున. బిల్లు కూడా ముక్కల లెక్కనే.

యాప్ పనిలో ఇంకో తమాషా. పేరు పెట్టే ఖాళీ తర్వాత కి రావాలా, కు రావాలా? రవికి, సీతకు. నేను చివరి అచ్చు చూసి తేల్చే ఇఫ్ కండిషన్ రాశా, గర్వంగా చూపించా కూడా. మేడమ్ ఖాళీ పక్కన “గారికి” అని పెట్టేశారు. ఏ పేరుకైనా సరిపోయింది. వచ్చాడా, వచ్చిందా అన్న గొడవకీ అదే మందు: గారు వచ్చారు. (ఫ్రెండ్స్ చాట్ యాప్‌లో మాత్రం ఇది పెట్టకండి, పెళ్లి శుభలేఖలా ఉంటుంది.)

ప్రింటింగ్ ప్రెస్‌లో అను ఫాంట్లు, మన దగ్గర యూనికోడ్, పేస్ట్ చేస్తే పిచ్చి గీతలు. అది వేరే వ్యాసం.

ల్యాబ్ మెసేజ్ చివరికి ఇలా వెళ్లింది: “రేపు షుగర్ టెస్టుకు పరగడుపున రండి. మంచినీళ్లు తాగొచ్చు.” మొత్తం 55. మిగిలిన 15లో ల్యాబ్ పేరు ఇరికించాం.